పెదనాన్న ఒప్పుకోలు

పెదనాన్న పోయిన వారానికి, రిటైరైన పోలీసుల సంఘం తరఫున ఒకాయన భిలాయి మరోదాలో మా ఇంటికి వచ్చాడు. సంతాప సభలో చదవడానికి పెదనాన్న జీవితాన్ని ఒక పేజీలో రాసుకుంటానన్నాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఫోటోకి దండం పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను చెబుతూ పోయాను, ఆయన హిందీలో రాసుకుంటూ పోయాడు. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టడం, పద్దెనిమిదో ఏట పటాలంలో చేరడం, మంచుకొండల్లో యుద్ధం, ఆ చలికి చచ్చుబడిన కుడికాలి వేళ్లు రెండు తీసేయడం, ఒక పతకం, ఆ తరవాత దుర్గ్ జిల్లాలో ఇరవై ఒక్క ఏళ్ల పోలీసు ఉద్యోగం, తొంభై అయిదో ఏట నిద్రలోనే పోవడం. అంతా అయ్యాక ఆయన ఒకసారి పైకి చదివి వినిపించాడు. చివరి వాక్యంలో 'బేదాగ్ సేవ' అని ఉంది. మచ్చలేని ఉద్యోగం అని.

"ఆ ఒక్క మాట తీసెయ్యండి భయ్యా," అన్నాను.

"అందరికీ రాసేదే కదా దీదీ."

"మిగతావాళ్లకి రాసుకోండి. ఈయనకి వద్దు. బతికుంటే ఒప్పుకునేవాడు కాదు."

దుఃఖంలో ఏదో అంటున్నాననుకున్నాడు కాబోలు, జాలిగా తల ఊపి వెళ్లిపోయాడు. సభలో ఆ మాట అలాగే చదివారు. అందరితో పాటు లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాను. ఇంటికి వచ్చి కాగితాలు ముందేసుకున్నాను. ఆ మాటకి బదులు చెప్పాలి. జరిగింది దగ్గరుండి చూసినవాళ్లలో ఇంకా బతికున్నది నేను కాక ఇంకొక్క మనిషే, ఆవిడకి రాయడం రాదు. అందుకని నేనే రాస్తున్నాను.

నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు. నాకు పదమూడేళ్లప్పుడు ఆయన్ని రాజహరా ఇనుపగనులకి మార్చారు. చదువు మధ్యలో బడి మార్చడం ఇష్టంలేక నన్ను మరోదాలో పెదనాన్న ఇంట్లో వదిలిపెట్టారు. రెండు గదుల పెంకుటిల్లు, వెనక కాస్త పెరడు. వాళ్లకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో మూడేళ్లు ఉన్నాను. ప్లాంటు సైరన్ మోగేసరికే పెదనాన్న లేచి, వసారాలో పీట మీద కూర్చుని బూట్లకి పాలిష్ పడుతూ ఉండేవాడు. ఆ పాలిష్ వాసనా, పెద్దమ్మ రాజేసిన సిగ్డీలోంచి వచ్చే బొగ్గు పొగా కలిసిపోయి నా నిద్రలోకి వచ్చేవి. కుడి బూటు ముందు భాగంలో దూది ఉండలు కూరుకునేవాడు, లేని వేళ్ల చోటు నిండడానికి. ఆ పని మాత్రం అటు తిరిగి చేసుకునేవాడు. ఖాకీ బట్టలకి పెద్దమ్మ బియ్యం గంజి పెట్టేది. ప్లాంటు నుంచి గాలి ఇటు తిరిగిన రోజున తీగ మీద ఆరేసిన బట్టలన్నిటి మీదా ఎర్రటి దుమ్ము పడేది, వాటిని మళ్లీ జాడించేది. తొమ్మిదింటికి చోడి అంబలి, మధ్యాహ్నం పప్పో పులుసో. ఊరి నుంచి ఎవరైనా ఎండు నెత్తళ్లు తెస్తే ఆ వేపుడు వాసనకి పక్కింటి తివారీగారి కిటికీలు టపటపా మూసుకునేవి. పెద్దమ్మ మూసుకున్న కిటికీలు లెక్కపెట్టి నవ్వేది.

బయట అందరికీ ఆయన థానేదార్ సాబ్, స్టేషన్ పెద్ద. ఆయన మోటారు సైకిల్ చప్పుడు వింటే పాన్ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు సర్దుకునేవారు. ఇంట్లో గొంతు పెంచగా నేను వినలేదు. లాఠీ ఏనాడూ ఇంటికి తెచ్చేవాడు కాదు, స్టేషన్‌లోనే వదిలి వచ్చేవాడు. దాంతో మా పెదనాన్న ఎవర్నీ కొట్టడని నేను నమ్మాను. క్లాసులో పిల్లలు పోలీసుల గురించి ఏదైనా అంటే వాళ్లతో దెబ్బలాటకి వెళ్లేదాన్ని.

ఒకరోజు ఆయన మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాడు. టోపీ తీసి మేకుకి తగిలించి, పెద్దమ్మతో, "ఉజ్జోగం ఒదిలీసినాను," అన్నాడు.

"ఏటీ? ఇంకా నాలుగేళ్లుంది కదా."

"ఉంది. ఉండగానే ఒదిలీసినాను."

ఎందుకని ఆవిడ ఎంత అడిగినా చెప్పలేదు. సహోద్యోగులు వచ్చి దండలు వేశారు, ఫోటో తీశారు. మూడు వారాలు పెరట్లో మట్టి తవ్వి ఆనపపాదు పెట్టాడు. అయినా రోజూ పొద్దున్నే బూట్లకి పాలిష్ పట్టేవాడు. ఎక్కడికీ వెళ్లకపోయినా. నాలుగో ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచి చాప మీద కూర్చోమన్నాడు. తెల్ల కాగితాలు, కార్బను, కొత్త పెన్ను తెచ్చి ఉంచాడు.

"నీ హిందీ రాత ముత్యాల్లాగుంటాదని మీ మాస్టరు సెప్పినాడు. ఒక అర్జీ రాయాలి. నాను సెప్తాను, నువ్వు రాయి. ఒక్క మాట కూడా మార్చీయకు."

ఆయన హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. తన పేరు, హోదా, ఏ స్టేషన్‌లో పనిచేసిందీ. నందిని గనుల దారిలో ఒక సున్నపురాయి క్వారీ గోదాము నుంచి రాగి తీగ చుట్టలు పోయాయనీ, ఆ కేసులో బిసాహు అనే కూలీని తాను పట్టుకున్నాడనీ. నేను రాస్తున్నాను. 'అతను నేరం ఒప్పుకోలేదు. నేను అతన్ని రెండు రోజులు కొట్టాను. మూడో రోజు నేను రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ కాగితం అబద్ధం.'

నా పెన్ను ఆగిపోయింది. ఆయన ముఖం వైపు చూశాను. కిటికీలోంచి ఆనపపాదు వైపు చూస్తున్నాడు.

"'కొట్టించాను' అని రాయనా పెదనాన్నా?" అన్నాను. ఎందుకలా అడిగానో ఇప్పుడు తెలుస్తోంది. ఆ చేతిని నాకు కాస్త దూరం జరుపుకోవాలనిపించింది.

"కొట్టించినాను కాదమ్మా. కొట్టినాను. నా సేత్తోనే."

రాశాను. అక్షరాలు వంకర పోయాయి. ఆయన కాగితం అందుకుని చూసి, "ఇది సరిగ్గా లేదు, మళ్లీ రాయి," అన్నాడు. రెండోసారి ఆ వాక్యాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

చేటలో బియ్యం చెరుగుతూ పెద్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడకి హిందీ బాగానే అర్థమవుతుంది. అప్పుడు మా ఇద్దరికీ మిగతాది చెప్పాడు. ఆ కేసుకి తొమ్మిదేళ్లయింది. బిసాహు రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. పోయిన వానాకాలంలో వేరే కేసులో దొరికిన ఒకడు మాటల్లో మాటగా ఆ తీగ చుట్టలు తానే ఎత్తుకెళ్లానని, గొడవ పెద్దదయ్యేసరికి భయపడి నీళ్లు నిండిన పాత గోతిలో పడేశానని చెప్పాడు. పెదనాన్న వాడి మాట రాసుకుని, నీళ్లు తగ్గేదాకా ఆగి, తానే వెళ్లి చూశాడు. చుట్టలు బురదలో ఉన్నాయి. గోదాము నంబరు కొట్టిన రేకు బిళ్లలు ఇంకా వాటికి వేలాడుతున్నాయి. పైవాళ్లకి చెబితే, శిక్ష అయిపోయిన కేసు, ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం అన్నారు. వాళ్ల కింద పనిచేస్తుంటే అర్జీ పెట్టనివ్వరని తెలిసి ఉద్యోగం వదిలేశాడు.

"ఆడు జైల్నుంచి వచ్చీసి ఏడేళ్లు దాటిపోయింది," అంది పెద్దమ్మ. "ఇప్పుడు మీరు రాసీసినంత మాత్రాన ఆ రోజులు తిరిగొచ్చేస్తాయేటి?"

"రావు."

"మరేటికి ఇదంతా? మీ పేరు పోతాది, మరిదిగారికి ప్లాంటులో మాటొస్తాది, ఈ గుంటకి రేపు సంబంధాలు సూడాలి."

"ఆడి మీదున్న మచ్చ నాది. అది నాను తీసుకోవాలి," అన్నాడు. పెద్దమ్మ ఆ తరవాత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గిన్నె చప్పుడయ్యేలా పెట్టేది.

దుర్గ్‌లో వకీలు ఆ అర్జీ చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడట. ఇది ఒక్కటీ చాలదు, అప్పీలు చేయాల్సింది శిక్ష పడ్డ మనిషి, అతని వేలిముద్ర కావాలి అన్నాడు. ఆ వచ్చే ఆదివారం పెదనాన్న నన్ను మోటారు సైకిల్ వెనక ఎక్కించుకున్నాడు.

"నానొక్కడినే ఎల్తే పోలీసోడొచ్చినాడనుకుంటారు. ఆడపిల్ల పక్కనుంటే తలుపు తీస్తారు," అన్నాడు.

నందిని గనుల వైపు వెళ్తుంటే భిలాయి ఎర్రదుమ్ము పోయి తెల్లదుమ్ము మొదలైంది. రోడ్డు పక్క చెట్లన్నీ పిండి జల్లినట్టున్నాయి. గనుల కాలనీ దాటాక ఒక పల్లె. బిసాహు ఇల్లు ఊరికి ఒక కొసన ఉంది. అతను దడికి ముళ్లకంప కడుతున్నాడు. సన్నటి మనిషి, పెదనాన్న కంటే పదేళ్లు చిన్నవాడు, పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. బండి చప్పుడుకి తల ఎత్తాడు. చేతిలో కంప వదిలేశాడు. ఎవరూ ఏమీ అనకుండానే గొంతుక్కూర్చుని రెండు చేతులూ తల వెనక పెట్టుకున్నాడు.

నేను ఇప్పటిదాకా చూసినవాటిలో దేన్ని మరిచిపోయినా దాన్ని మరిచిపోలేను. పెదనాన్న "లే బిసాహు, లే," అంటున్నాడు. అతనికి వినిపిస్తున్నట్టు లేదు. చివరికి పెదనాన్నే అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆ కాలితో అలా కూర్చోవడం ఆయనకి కష్టం, ఒక చెయ్యి నేలకి ఆనించుకోవాల్సి వచ్చింది. "నేనిప్పుడు పోలీసుని కాదు. నిన్ను తీసుకెళ్లడానికి రాలేదు. నువ్వు దొంగవి కాదని తెలిసింది, అది చెప్పడానికి వచ్చాను," అన్నాడు. బిసాహు చేతులు దించలేదు. లోపల్నుంచి నా ఈడు పిల్ల ఒకతె వచ్చింది. అతని కూతురు సుఖ్‌మతి. తండ్రి జైల్లో ఉండగానే తల్లి పోతే నాన్నమ్మ దగ్గర పెరిగింది. తండ్రి ముందుకు వచ్చి నిలబడి, మా దదాని మళ్లీ ముట్టుకుంటే ఊరుకోను, వెళ్లండి అంది. దదా అంటే వాళ్ల భాషలో నాన్న. పెదనాన్న లేచి ఆ పిల్లకి నమస్కారం పెట్టి బండి దగ్గరికి వచ్చేశాడు.

దారిలో ఒకచోట బండి ఆపి దిగాడు. రోడ్డుకి వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇంక రావద్దు పెదనాన్నా. మనల్ని చూస్తే వాళ్లకి భయం," అన్నాను.

"అందుకే రావాల. నన్ను సూస్తే ఆడు ఇంకా అలగ కూకుంటన్నాడు. అది పోయేదాకా రావాల."

అయిదు ఆదివారాలు వెళ్లాం. రెండోసారి బిసాహు లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. మూడోసారి వేసుకోలేదు, అటు తిరిగి కూర్చున్నాడు. పెదనాన్న దడి బయటే, దారి పక్కన నిలబడేవాడు. గంట నిలబడి, నమస్కారం పెట్టి, తిరిగి వచ్చేవాడు. నేను చేతిపంపు గట్టు మీద కూర్చుని లెక్కల పుస్తకం చదువుకునేదాన్ని. నాలుగో ఆదివారం మేము బయల్దేరుతుంటే పెద్దమ్మ పోపు వేసిన అటుకుల పొట్లం నా చేతిలో పెట్టింది. "ఆ పిల్లకియ్యి," అంది. పెదనాన్న వైపు చూడకుండా అంది. సుఖ్‌మతి ఆ పొట్లం తీసుకోలేదు. తరవాతి వారం పెద్దమ్మ మళ్లీ కట్టింది. ఆ రోజు తీసుకుంది. తీసుకుని నా పక్కన గట్టు మీద కూర్చుని, పుస్తకంలో బొమ్మలేవీ లేవేమిటని అడిగింది.

ఆ రోజే బిసాహు దడి దాకా వచ్చాడు. గొంతుక్కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు. అతను ఛత్తీస్‌గఢీలో అన్నది నేను తెలుగులో రాస్తున్నాను.

"సాహెబ్, కోర్టు కాయితం నాకు చదవడం రాదు. వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తాను, అప్పుడూ వేశాను. దాంతో నాకేం ఒరగదు. నన్ను దొంగని చేసింది కోర్టు కాదు. నా నడుముకి తాడు కట్టి ఈ ఇంటి నుంచి రోడ్డు దాకా ఊళ్లోంచి నడిపించావు. ప్రతి గుమ్మంలోనూ మనుషులు నిలబడి చూశారు. నా పిల్లని పెళ్లిళ్లకి పిలవరు. నువ్వు చెప్పాలనుకుంటే అదే దారిలో నడు. ప్రతి గుమ్మంలోనూ చెప్పు."

పెదనాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించినట్టు కనిపించలేదు. "ఎప్పుడు?" అన్నాడు.

"సంత రోజున. అందరూ ఊళ్లో ఉంటారు."

ఆ రోజు పొద్దున పెదనాన్న పతకం బయటికి తీశాడు, చొక్కాకి పెట్టుకుంటాడేమో అనుకున్నాను. కాసేపు చూసి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. ఉతికిన తెల్లచొక్కా, మామూలు ప్యాంటు వేసుకున్నాడు. మేము వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బిసాహు గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు. "అప్పుడు నేను ముందు, నువ్వు వెనక. ఇప్పుడు నువ్వు ముందు నడు," అన్నాడు. పెదనాన్న ముందు, పది అడుగుల వెనక బిసాహు, ఆ వెనక నేనూ సుఖ్‌మతీ.

మొదటి ఇంటి ముందు ఆగి పెదనాన్న పిలిచాడు. ఒకావిడ పిండి చేతులతో బయటికి వచ్చింది. ఆయన తన పేరు చెప్పాడు. "తొమ్మిదేళ్ల కింద బిసాహుని దొంగతనం కేసులో తీసుకెళ్లింది నేను. అతను దొంగతనం చెయ్యలేదు. నేను కొట్టి వేలిముద్ర వేయించాను. తప్పు నాది," అన్నాడు. ఆవిడ బిసాహు వైపు చూసింది, పెదనాన్న వైపు చూసింది, కొంగు తల మీదకి లాక్కుంది. తరవాతి ఇల్లు. అవే మాటలు, ఒక్కటీ తగ్గించకుండా. మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి వెనక జనం పోగయ్యారు. ఎవరో నవ్వారు. ఎవరో ముసలాయన మంచం మీద నుంచే అడిగాడు, "నువ్వే కొట్టావా, సిపాయిలు కొట్టారా?" అని. "నేనే," అన్నాడు పెదనాన్న. "దేంతో?" అన్నాడు ఆ ముసలాయన. పెదనాన్న అదీ చెప్పాడు. నేను తల దించుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నది సుఖ్‌మతి అని కాసేపటి దాకా తెలియలేదు.

నేను చివరిదాకా వెళ్లలేకపోయాను. ఏడో ఇంటి దగ్గరో ఎనిమిదో ఇంటి దగ్గరో కళ్లు తిరిగాయి. ఎండ వల్లనో, ఆ మాటలే అన్నిసార్లు విన్నందువల్లనో. ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లు, బెల్లం ముక్క ఇచ్చారు. వాళ్లు ముందుకు వెళ్లిపోయారు. పెదనాన్న తిరిగి వచ్చేసరికి ఇళ్లల్లో దీపాలు వెలిగిస్తున్నారు. కుంటుతున్నాడు. బూటు ఒకటి చేతిలో ఉంది.

"ఇంతసేపేటి పెదనాన్నా?"

"పనైంది. పద," అన్నాడు.

ఆ సంగతి పేపర్లోకి ఎక్కలేదు కానీ దుర్గ్ దాకా పాకింది. పెదనాన్న ఎదురైతే పాత సహోద్యోగులు రోడ్డు దాటి అవతలికి వెళ్లేవారు. ఒకాయన ఇంటికే వచ్చి, నీ ఒక్కడి వల్ల మా అందరి చేతులూ వాసన చూస్తున్నారు అని అరిచాడు. పెద్దమ్మ ఆయనకి మంచినీళ్లు ఇచ్చి, "తాగీసి ఎల్లండి బాబూ. ఆయనేటి రాసినా మీ పేరు రాయలేదు, నాను దగ్గరుండి సూసినాను," అంది. ఆ మాటతో ఆవిడ ఎటువైపు నిలబడిందో మాకు తెలిసింది. నాన్న రాజహరా నుంచి కంగారుగా వచ్చి రెండు రోజులు ఉండి, అన్నగారితో వాదించి, ఓడిపోయి, వెళ్లేముందు నాకు మరో కార్బను కట్ట కొనిచ్చి వెళ్లాడు.

అప్పీలు చాలా ఏళ్లు పట్టింది. వాయిదా మీద వాయిదా. ప్రతి అర్జీ నేనే రాశాను. కాలేజీకి వెళ్లినా, బడిలో టీచరుగా చేరినా రాశాను. బోనులో నిలబడి పెదనాన్న తన మీద తానే సాక్ష్యం చెప్పాడు. ఎదుటి వకీలు, ముసలితనంలో మతి చలించి ఇలా చెబుతున్నారేమో అంటే, "మతి అప్పుడు చలించింది, ఇప్పుడు కుదురుగా ఉంది," అన్నాడట. చివరికి బిసాహు నిర్దోషి అని తీర్పు వచ్చింది. అందులో పెదనాన్న గురించి చాలా కటువైన మాటలు రాశారు. ఆయన వాటిని నాచేత రెండుసార్లు చదివించుకుని, న్యాయంగానే రాశారన్నాడు. ఆ కాగితం ఊళ్లో చదివి వినిపించడానికి వెళ్లినప్పుడు ఆ మాటలు కూడా వదలకుండా చదివాడు. బిసాహు మళ్లీ క్వారీ పనికి వెళ్లే వయసు అప్పటికే దాటిపోయింది. ఆ లోటుకి ఎవరి దగ్గరా మందు లేదు. పెదనాన్న కూడా ఉందనలేదు.

మరోదాలో ఇప్పుడు సిగ్డీలు లేవు. పక్కింటి తివారీగారి మనవరాలు మా ఇంటికొచ్చి నెత్తళ్ల వేపుడు అడిగి తింటుంది. మా వీధి పిల్లలకి తెలుగు వస్తే రెండు ముక్కలు, తక్కినదంతా హిందీ. నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి మొన్ననే విరమించాను. ఒకసారి పరీక్షలో కాపీ కొట్టిందని ఒక పిల్లని తరగతి అంతటి ముందూ నిలబెట్టాను. కాదని మధ్యాహ్నానికి తెలిసింది. స్టాఫ్ రూముకి పిలిచి సారీ అన్నాను, అయిపోయిందనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. నిలబెట్టింది అందరి ముందూ, చెప్పింది గదిలో. మర్నాడు ప్రార్థన దగ్గర బడి మొత్తానికి చెప్పాను. రెండు నిమిషాలు పట్టలేదు. ఆనాడు పెదనాన్న ఎన్ని ఇళ్లు తిరిగాడో అప్పుడు లెక్క వేసుకున్నాను. ఇప్పుడు తప్పు చేసినవాళ్లు ఫోన్లో రెండు లైన్లు రాసి పంపేసి ఊపిరి పీల్చుకుంటున్నారు. వాళ్లని అనడం లేదు. నేనూ మొదట స్టాఫ్ రూమునే వెతుక్కున్నాను.

పెదనాన్న పన్నెండో రోజుకి సుఖ్‌మతి వచ్చింది. నందిని నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. బిసాహు పోయి పదేళ్లయింది. ఆమెకి ఇప్పుడు ఇద్దరు మనవలు. ఊళ్లోనే పెళ్లయింది, ఊరంతా వచ్చింది ఆ పెళ్లికి. మేమూ వెళ్లాం. పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆమెని బస్సు ఎక్కించడానికి వెంట వెళ్లాను. అన్నేళ్లలో అడగలేని మాట ఆ రోజు అడిగాను.

"మీ దదా మా పెదనాన్నని క్షమించాడా?"

"ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు దీదీ. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు." తరవాత నన్ను అడిగింది, "ఆ సంత రోజు చివరింటి దగ్గర ఏమైందో నీకు చెప్పాడా?"

చెప్పలేదన్నాను.

చివరిల్లు గౌంటియాదట, ఊళ్లో పెద్ద రైతు. తీగ పోయిందని పోలీసులు వచ్చినప్పుడు మొదట బిసాహు పేరు చెప్పింది ఆయనే. వీళ్లు వస్తున్నారని తెలిసి తలుపు వేయించేశాడు. పెదనాన్న తట్టాడు. తెరవలేదు. ఊరంతా విన్నారు కదా, ఇది వదిలెయ్ సాహెబ్ అన్నాడు బిసాహు. "నీ పేరు నేను మొదట విన్నది ఈ గుమ్మంలో. ఇక్కడ చెప్పకపోతే ఎక్కడా చెప్పనట్టే," అన్నాడట పెదనాన్న. అక్కడే నిలబడ్డాడు. వెనకున్న జనం కాసేపు చూసి సంతకి వెళ్లిపోయారు. ఎండ వాలింది. సుఖ్‌మతి ఇంటికి వెళ్లి పొయ్యి రాజేసి వచ్చింది, ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. కాలు వాచి బూటు విప్పేశాడు. ఆవులు మేత నుంచి తిరిగొస్తున్న వేళకి, అంతసేపూ పది అడుగుల దూరంలో కూర్చున్న బిసాహు లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు.

"తెరిచారా?" అన్నాను.

"తెరిచారు. గౌంటియా కాదు, ఆయన తల్లి. ఆవులు లోపలికి రావాలి కదా. ఆవిడ తలుపు తియ్యగానే మీ పెదనాన్న మొదటి ఇంటి దగ్గర చెప్పినట్టే అంతా చెప్పాడు, లోపలి గది దాకా వినబడేలా. ఆవిడ విని, తల ఊపి, ఆవుల్ని తోలుకుంది."

దుర్గ్ వైపు నుంచి బస్సు వస్తోంది. సుఖ్‌మతి సంచీ భుజానికి తగిలించుకుంది.

"అప్పుడు మా దదా వైపు తిరిగి, ఇంకా ఇళ్లేమైనా మిగిలున్నాయా అని అడిగాడు."